నూరు గింజలు, ఒక తునికాకు

అరకిలో చింతగింజలు సంచిలో వేసుకుని ఆఫీసు పని మీద ఊరెళ్ళే మనిషిని మీరు చూసి ఉండరు. మొన్న మే నెలలో నేను అలాగే వెళ్ళాను. బయల్దేరుతుంటే మావారు గుమ్మంలో నిలబడి, "వామనగుంటలు ఆడటానికి కూడా టీఏ ఇస్తారా మీ వాళ్ళు?" అన్నారు. మా ఇంట్లో వెటకారం ఉప్పు వాడినట్టు వాడతాం కాబట్టి నేను పట్టించుకోలేదు.

నేను హైదరాబాదులో ఒక ఆరోగ్య పరిశోధన ఆఫీసులో లెక్కల మనిషిని. పుట్టింది తెనాలి దగ్గర. కోపం ముక్కు మీద ఉంటుంది, ఆకలి దాని పక్కనే ఉంటుంది. ఈ రెండూ ముందే చెప్పేస్తే తర్వాత జరిగినవి మీకు వింతగా అనిపించవు.

పని ఏమిటంటే, జబ్బు ఒకటే ఉంటుంది, దానికి వైద్యాలు రెండుంటాయి. రెండూ పనిచేస్తాయి. కానీ ఎవరికి ఏది మేలో డాక్టర్లకే ఒక మాట ఉండదు. అది తేలాలంటే చాలామంది రోగుల్ని రెండు వైపులా ఏళ్ళ తరబడి కనిపెట్టి చూడాలి. అన్నిటికీ అలా చూసేంతమంది మనుషులు లేరు, డబ్బు లేదు. ఈసారి ఒక్కదాన్నే తీసుకోగలం. ఆ ఒక్కటి ఏదో మనం గదిలో కూర్చుని తేల్చడమెందుకు, జబ్బు పడేవాళ్ళనే అడుగుదాం అన్నారు మా పెద్దసారు. అందుకని పన్నెండు జబ్బులకు పన్నెండు బొమ్మల అట్టలు వేయించారు. మనిషికి ఐదు గింజలిస్తాం. తనకు ముఖ్యమనిపించిన అట్ట మీద ఎన్నైనా పెట్టుకోవచ్చు. ఎవరైనా పదమూడో ప్రశ్న అడిగితే చేర్చుకోవచ్చు, కానీ దాని మీద కనీసం రెండు ఊళ్ళలో గింజలు పడాలి. నేను ఎవరినీ ఇటు పెట్టండి, అటు పెట్టండి అని అనకూడదు. నోరు మూసుకోవాలన్న మాట. నన్ను ఎందుకు పంపారో ఇప్పటికీ అర్థం కాదు.

జగిత్యాల: ఐదూ ఒకదాని మీదే

కారు నడిపింది రాజేశం. ఊరు పెగడపల్లి. దారిపొడవునా మాట్లాడాడు. జగిత్యాల చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది, రోడ్డు పక్కన మామిడికాయల లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. మా తెనాలి వైపు మామిడికాయ అంటే ముందు ఆవకాయ గుర్తొస్తుంది. ఇక్కడ ఎవరిని కదిపినా లారీ ఏ రాష్ట్రానికి పోతుందో చెబుతారు. కిలో కొందామని ఆగితే, "కిలోనా? పెట్టె కొనుండ్రి మేడం, కిలో ఎవలిస్తరు," అని అమ్మేవాడు నన్ను జాలిగా చూశాడు. చివరికి రెండు పళ్ళు ఊరికే చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం రాజేశం వాళ్ళ అక్క ఇంట్లో తిన్నాం. గిన్నె అడుగున బియ్యప్పిండి తట్టి కాల్చిన సర్వపిండి, పచ్చిపులుసు. పులుసును కాచకుండా ఎలా తింటారని మా అమ్మ జీవితాంతం ఎగతాళి చేసింది. నేను మూడుసార్లు పోయించుకున్నాను. అమ్మా, క్షమించు.

సాయంత్రం జరిగిన సమావేశానికి పెగడపల్లి నుంచి కల్లు గీసేవాళ్ళు కొందరొచ్చారు. వాళ్ళలో సత్తయ్య అనే ఆయన, యాభై దాటినవాడు, నడుం కాస్త పక్కకు వంచి నడుస్తున్నాడు. ఐదు గింజలూ తీసుకుని, చెట్టు మీద నుంచి పడి వెన్నుకు దెబ్బ తగిలినవాళ్ళ అట్ట మీద ఒకేసారి కుమ్మరించాడు. ఆపరేషన్ మేలా, పట్టీ కట్టి పడుకోబెట్టడం మేలా అన్నది ఆ ప్రశ్న.

"ఐదూ దాని మీదేనా?" అన్నాను. అనకూడదు. నోరు జారింది.

"చెట్టు మీదికెళ్లి పడ్డోనికి ఇంకో ముచ్చటుంటదా మేడం?" అన్నాడు ఆయన. "మా తమ్మునికి ఆపరేషన్ జేసిండ్రు. నాకు పట్టీ గట్టిండ్రు. ఇద్దరం నడుస్తున్నం. ఇద్దరం చెట్టెక్కుతలేం. ఇగ ఎవలిది మంచిగైనట్టో మీరే చెప్పుండ్రి."

మా అట్ట వెనక 'నొప్పి ఎంత తగ్గింది' అని మాత్రమే రాసి ఉంది. చెట్టెక్కడం గురించి ఎక్కడా లేదు. నేను ఆ మాటను పుస్తకంలో రాసుకున్నాను, రాసుకుని మర్చిపోయాను.

కోరుట్ల: ముచ్చటైన నాలుగు కుప్పలు

కోరుట్లలో మేము వెళ్ళిన వాడలో ప్రతి అరుగు మీదా ఒక చాట ఉంది. చాటలో కత్తిరించిన తునికాకు, పొగాకు, దారం. ఆడవాళ్ళు మాట్లాడతారు, నవ్వుతారు, పిల్లల్ని తిడతారు, చేతులు మాత్రం బీడీ చుడుతూనే ఉంటాయి. మా ఊళ్ళో ఆడవాళ్ళు నలుగురు చేరితే చేతులు ఖాళీగా ఉండి నోళ్ళు పనిచేస్తాయి. ఇక్కడ రెండూ ఒకేసారి నడుస్తాయి.

మేము గంగవ్వ అరుగు మీద కూర్చున్నాం. గంగవ్వకు డెబ్భై దగ్గర. పక్కనే ముప్ఫై దాటిన లావణ్య, "అవ్వా, మేడంకు నీళ్ళియ్యి," అంది. మా వైపు అవ్వ అంటే అమ్మమ్మ. అందుకని, "మీ మనవరాలు చక్కగా ఉందమ్మా," అన్నాను. అరుగంతా నవ్వింది. ఇక్కడ అవ్వ అంటే అమ్మేనట. గంగవ్వ మాత్రం నవ్వకుండా, "నా బిడ్డ. ముసల్దాన్నైనట్టు కనవడుతున్ననా?" అంది.

ఇరవై మంది వచ్చారు. మనిషికి ఐదు చొప్పున నూరు గింజలు. అట్టలు చాప మీద పరిచి, ఒక్కొక్కటీ చదివి చెప్పాను. గింజలు పెట్టడం మొదలయ్యాక పక్కన నిలబడితే నా మొహం చూసి పెడతారని, రాజేశంతో కలిసి సందు చివర చాయ్ తాగడానికి వెళ్ళాను. అది రూలే. రూలు నాకు అనుకూలంగా ఉన్నప్పుడు నేను చాలా నిష్ఠగా పాటిస్తాను.

తిరిగొచ్చేసరికి చాప మీద నాలుగు అట్టల మీద నాలుగు కుప్పలున్నాయి. లెక్కపెట్టాను. ఒక్కో దాంట్లో సరిగ్గా ఇరవై ఐదు. మిగతా ఎనిమిది అట్టలూ ఖాళీ. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత స్పష్టమైన లెక్క నేను చూడలేదు. ఈ వాడలో ఎంత ఏకాభిప్రాయం ఉంది అని మురిసిపోయాను. ఫోటో తీసి, వెంటనే పెద్దసారుకు ఫోన్ చేసి, "కోరుట్ల తేలిపోయింది సార్," అన్నాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

కట్టకు ఇరవై ఐదు

మర్నాడు పొద్దున సిరిసిల్లకు బయల్దేరే ముందు గంగవ్వ జొన్నరొట్టె తిని పొమ్మంది. తిండికి పిలిస్తే కాదనడం నా వంట్లో లేదు. లావణ్య వడ్డించింది: రొట్టె, వెల్లుల్లి కారం, పక్కన ఉల్లిపాయ. తింటూ గంగవ్వను చూస్తున్నాను. చుట్టిన బీడీలను కట్టలు కడుతోంది. కళ్ళు నా మీద ఉన్నాయి, వేళ్ళు మాత్రం లెక్క పెడుతున్నాయి. ఒక కట్టలో ఒకటి ఎక్కువైతే తీసి పక్కదాంట్లో వేసింది. ఇంకోదాంట్లో రెండు తక్కువైతే తెచ్చి కలిపింది.

"కట్టకు ఎన్నమ్మా?"

"ఇర్వై ఐదు. ఒక్కటి తక్కువున్నా వాపస్ అస్తది."

చేతిలో రొట్టె ముక్క కంచంలో పెట్టేశాను. "నిన్న గింజలు... ఆ కుప్పలు..."

"అవి చిల్లర చిల్లరగ పడున్నయి బిడ్డా. ఒక దాని మీద మూడు, ఒక దాని మీద పదారు. గట్ల ఉంటే బాగుంటదా? మీరు చాయ్ తాగచ్చేవరకు సదిరిన," అంది గంగవ్వ, మెచ్చుకుంటానేమో అన్నట్టు చూస్తూ. "నాలుగు కట్టలైనయి. సరిగ్గచ్చినయి గదా?"

నిజం చెప్పాలి కదా, అరిచాను. మూడు ఊళ్ళు తిరగడం ఎందుకు, ఈ గింజలెందుకు, అట్టలెందుకు, ఇరవై మంది చెప్పిందంతా ఒక్క చేత్తో చెరిపేశావే అని ఏదేదో అన్నాను. సందులో వాళ్ళు తలలు బయటపెట్టారు. గంగవ్వ కట్టిన కట్టను మళ్ళీ విప్పి, మళ్ళీ లెక్కపెట్టుకుంటోంది. ఆమెకు నా మాటలు అర్థమయ్యాయని ఆ చేతుల్ని చూస్తే తెలిసింది. పదేళ్ళ వయసు నుంచి ఆ వేళ్ళకు నేర్పిందే అది, ఇరవై ఐదు కానిది చెల్లదని. చెల్లకుండా పోకూడదనే ఆమె సర్దింది. నేను మాత్రం ఒక్క క్షణం అనుమానపడకుండా సారుకు ఫోన్ చేశాను. నూరు గింజలు నాలుగు సమాన కుప్పలు ఎలా అయ్యాయని లెక్కల మనిషిగా నేను అడగాలి కదా. సిగ్గేసింది.

"తప్పు నాదమ్మా," అన్నాను. "ఇంకోసారి అందర్నీ పిలవగలవా?"

"పిలుస్త. గని నువ్వు చాయ్‌కు పోకు," అంది గంగవ్వ.

పదమూడో అట్ట

రెండోసారి పెట్టించాను. గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఈసారి గింజలు నిజంగానే చిల్లర చిల్లరగా పడ్డాయి. అందరూ పెట్టాక చూస్తే తొంభై ఐదే ఉన్నాయి. ఐదు గింజలు లావణ్య గుప్పిట్లో ఉన్నాయి.

"నాది ఇండ్ల లేదు మేడం," అంది అట్టల వైపు చూపిస్తూ.

గుప్పిట తెరవడానికి ఆమె పడిన అవస్థ అప్పుడు చూశాను. బొటనవేలు మొదట్లో, మణికట్టు పైన వాచి ఉంది. రెండు చేతులకూ. కుడిది ఎక్కువ. పొద్దున నాకు రొట్టె వడ్డిస్తూ కారం సీసా మూత అమ్మ చేత ఎందుకు తీయించిందో అప్పుడు తెలిసింది. ఏడాదిగా ఇలాగే ఉందట. రోజుకు వెయ్యి చుట్టే చెయ్యి ఇప్పుడు నాలుగొందలకు ఆగిపోతోంది.

"ఒక దవాఖానల సూది ఇస్తమన్నరు. ఇంకో దవాఖానల చిన్న ఆపరేషన్ జేస్తమన్నరు. సోమవారం రమ్మన్నరు. పోవాల్నా వద్దా తెలుస్తలేదు," అంది లావణ్య. "మీరు హైదరాబాద్‌కెళ్లి అచ్చిండ్రు గదా. ఏది జేయించుకుంటే నేను మళ్ళ చాట ముంగట కూసుంట?"

ఇంత చిన్న ప్రశ్న. నేను అట్టలు తిరగేశాను, పుస్తకం తిరగేశాను. రెండూ పనిచేస్తాయని నాకు తెలుసు. కానీ పొద్దుట్నించి సాయంత్రం దాకా అదే వేలిని అలాగే తిప్పే చెయ్యి ఏ వైద్యం తర్వాత ఎన్నాళ్ళకు పనిలో కూర్చుంటుంది, కూర్చున్నాక నొప్పి మళ్ళీ తిరిగొస్తుందా అన్నది ఇక్కడివాళ్ళను పెట్టి పోల్చి చూసిన కాగితం నాకు తెలిసి ఒక్కటీ లేదు. సత్తయ్య జగిత్యాలలో అడిగింది కూడా ఇదే. నేను రాసుకుని మర్చిపోయింది ఇదే.

"ఎవరూ చూడలేదమ్మా," అన్నాను. "డాక్టరు చెప్పింది విను. నేను మాత్రం చెప్పలేను. ఇది అట్టగా పెడితే ముందు ముందు తెలియొచ్చు."

"ఎప్పుడు తెలుస్తది?"

"మూడు నాలుగేళ్ళు."

"నాది సోమవారం గదా మేడం," అంది ఆమె. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

తెల్ల అట్ట నా దగ్గర మిగల్లేదు. గంగవ్వ చాటలోంచి నానబెట్టిన, ఇంకా కత్తిరించని తునికాకు ఒకటి తీసి, నీళ్ళు విదిలించి, చాప మీద పన్నెండు అట్టల పక్కన పెట్టింది. "గిదే నా బిడ్డ అట్ట," అంది. లావణ్య ఐదు గింజలూ దాని మీద పెట్టింది. అప్పటికే పెట్టినవాళ్ళు, "మేం మార్చుకోవచ్చా?" అని అడిగారు. మార్చుకోవచ్చు, రూలుంది. మార్చుకున్నారు. ఆకు కనపడకుండా పోయింది. గంగవ్వ మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంది, సర్దకుండా ఉండటానికి.

సిరిసిల్ల: నోరు మూసుకున్న గంట

సిరిసిల్లలో మాట ముందు చెవిని పడదు, మరమగ్గం చప్పుడు పడుతుంది. వాటిని ఇక్కడ సాంచలంటారు. రెండు సాంచల మధ్య మాట్లాడుకునేవాళ్ళు పెదాలు చూసి అర్థం చేసుకుంటారు. నేనేమో అరిచి మాట్లాడి గొంతు పోగొట్టుకున్నాను. ఆ మధ్యాహ్నానికి అదొక రకంగా మంచిదే అయింది.

ఎందుకంటే తునికాకు మీద ఇక్కడ గింజలు పడకపోతే ఆ ప్రశ్న కోరుట్లలోనే ఆగిపోతుంది. నేను ఎవరికీ ఏమీ చెప్పకూడదు. అట్టలన్నీ చదివినట్టే, ఆకును కూడా ఒకే గొంతుతో, ఒకే వేగంతో చదివాను. నేలమీద వాడిపోయి అంచులు ముడుచుకుంటున్న ఆకు. దారిలో రాజేశం తడిగుడ్డలో చుట్టి సీటు మీద పెట్టి, ఏసీ దానివైపు తిప్పాడు. నాకు చెమటలు పోస్తుంటే, "ఆకు ఎండుతది మేడం, మీరు ఎండరు," అన్నాడు.

సాంచలు నడిపే మల్లేశం మొదట వచ్చాడు. మూడు గింజలు నడుం నొప్పి మీద పెట్టాడు. రెండు చేతిలోనే పెట్టుకుని ఆకును చూశాడు.

"గీ ఆకేంది?"

చదివి చెప్పాను. ఇంకొక్క మాట చేర్చకుండా పళ్ళు బిగించుకున్నాను.

"మా ఇంటామె బీడీలు చేస్తది," అన్నాడు మల్లేశం. "రాత్రి చెయ్యి వేడి నీళ్ళల్ల పెట్టుకుని కూసుంటది. అడిగితే ఏం లేదంటది." రెండు గింజలూ ఆకు మీద పెట్టి, అవి జారకుండా వేలితో నొక్కాడు. ఆయన వెనక వచ్చినవాళ్ళలో కొందరు పెట్టారు, కొందరు పెట్టలేదు. ఎల్లంతకుంట నుంచి వచ్చిన ఒక కూలీ మనిషి, "మా ఇంటికాడ అందరు చేస్తరు," అని ఒకటి పెట్టింది. కోరుట్లలో పడ్డన్ని పడలేదు. చాలినన్ని పడ్డాయి. బయటికొచ్చి కళ్ళు తుడుచుకున్నాను. పత్తి దుమ్ము అని రాజేశంతో చెప్పాను. రాజేశం నమ్మినట్టు తల ఊపాడు.

ఇంటికొచ్చాక

మూడు ఊళ్ళ గింజలూ కలిపి లెక్కేస్తే, చెట్టు మీద నుంచి పడినవాళ్ళ అట్ట మొదటిది. తునికాకు రెండోది. సత్తయ్య మీద కోపం తెచ్చుకుందామని చూశాను. ఆయన వంగిన నడుం గుర్తొచ్చి రాలేదు. రెండు ప్రశ్నల వెనకా 'నొప్పి ఎంత తగ్గింది' కింద, 'తిరిగి తన పనిలో కూర్చోవడానికి ఎన్ని రోజులు పట్టింది' అని చేర్పించాను. దానికి పెద్దసారు ఒప్పుకున్నారు. నేను కోరుట్ల గురించి ముందు చేసిన ఫోను తప్పని ఒప్పుకున్నాను కాబట్టి చెల్లుకు చెల్లు.

రెండోది ఎప్పుడు మొదలుపెడతామని అడిగితే మాత్రం ఆయన కళ్ళజోడు తీసేశారు. "దానికి మనుషులు దొరకరమ్మా. రోజు కూలి వదులుకుని ఆస్పత్రికి మళ్ళీ మళ్ళీ ఎవరొస్తారు? దొరికితే చూద్దాం," అన్నారు. చూద్దాం అన్న మాట మా ఆఫీసులో ఎంత దూరం వెళ్తుందో నాకు తెలుసు.

అబద్ధం చెప్పడం కంటే ఉన్నది చెప్పడం నయమని లావణ్యకు ఫోన్ చేశాను. ఆమే ముందు మాట్లాడింది. "సోమవారం పోయిన మేడం. కుడి చేతికి ఆపరేషన్ జేసిండ్రు. రెండు చేతులు ఒక్కసారి కోస్తే బువ్వ ఎట్ల తింటవని, ఎడమకు సూది ఇచ్చిండ్రు. మీరు మూడేండ్లు చూస్తమన్నరు గదా. నా రెండు చేతులు చూసి రాసుకోండ్రి. వారం వారం నేనే ఫోన్ జేసి చెప్త, ఏది ముందుగల్ల చాట మీదికి అచ్చిందో."

నా ఉద్యోగం నా చేత మాట్లాడించింది. "ఒక్కదానివల్ల తేలదమ్మా. చాలామంది కావాలి. మనుషులు దొరకరనే మా సారు వెనక్కి పెట్టారు," అన్నాను.

ఫోను చేతులు మారిన చప్పుడు. గంగవ్వ గొంతు. "ఒక్కతి సాలదా? సాలకపోతే ఇంకో ఇర్వై నలుగురిని నేను జమజేస్త. అందరివి గివే చేతులు. దవాఖానకు నేనే తోలుకపోత. నా బిడ్డతోని కట్టయితది. కట్టకు తక్కువైతేనే గదా వాపస్ పంపేది?"

ఇరవై ఐదు కూడా చాలదని లెక్కల మనిషిగా నాకు తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. కాగితం తీసి, ఒకటి నుంచి ఇరవై ఐదు దాకా అంకెలు వేసుకుని, మొదటి అంకె పక్కన లావణ్య అని రాసి, "చెప్పమ్మా, రెండోది ఎవరు?" అన్నాను.